రికార్డు చూపించు తాతయ్యా!
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జనరల్ నాలెడ్జ్ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందుగా నా ఓటమి సంగతి మనవి చేస్తాను.

మా మనవరాలు క్విజ్ పోటీకి చదువుకుంటూ, "తాతయ్యా, మొదటి తెలుగు టాకీ ఎప్పుడు విడుదలైంది?" అని అడిగింది. "హెచ్.ఎం. రెడ్డిగారి 'భక్త ప్రహ్లాద', 1931 సెప్టెంబర్ 15" అన్నాను తడుముకోకుండా. "కాదు తాతయ్యా, 1932 ఫిబ్రవరి 6" అంది. "చిన్నప్పటి నుంచీ మేం చదివింది అబద్ధమా?" అని గదమాయించాను. పాపం, పిల్ల చిన్నబుచ్చుకుంది.

తీరా చూస్తే దాని మాటే నిజం. ఆ చిత్రం బొంబాయిలో సెన్సారయిందే 1932 జనవరి 22న. సెన్సారు కాకుండా విడుదలెలా అవుతుంది? పాత్రికేయులు రెంటాల జయదేవగారు పాత రికార్డులు వెదికి ఈ సంగతి తేల్చారు. అంతవరకూ ఒక పుస్తకం చూసి మరొకటి పాత తేదీనే వేస్తూ వచ్చాయి.

సర్వీసులో ఉండగా ఫైలు చూడనిదే సంతకం పెట్టని వాళ్లం మనం. ఇంట్లో మాత్రం జ్ఞాపకం మీదే తీర్పులిస్తున్నాం!

ఆ సాయంత్రమే పిల్లతో నా తప్పు ఒప్పుకున్నాను. వెంటనే దాని ముఖం విప్పారింది. ఈసారి ప్రశ్న నాది: "1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పరిశీలించడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ మన ఏ ఊరు వచ్చాడు?" తెలియదంది. "గుంటూరు" అన్నాను గర్వంగా.

"రికార్డు చూపించు తాతయ్యా!" అంది.

ఇద్దరం కలిసి వెదికి చూశాం. మీరూ మీ మనవలతో అలా వెదకండని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.