మొక్కే చేయి, ఆగే చేయి

మనిషికీ ప్రకృతికీ ఉన్న సంబంధాన్ని మతాలూ దర్శనాలూ ఎలా చూశాయో చర్చించే ఈ సదస్సుకు నన్ను అధ్యక్షత వహించమన్న నిర్వాహకులకు కృతజ్ఞతలు.

ఇలాంటి సభల్లో ఏ మతం ప్రకృతిని ఎంత గొప్పగా స్తుతించిందో చెప్పుకోవడం ఆనవాయితీ. స్తుతికి ఎక్కడా లోటు లేదు. నేను అడగదలచిన ప్రశ్న వేరు. మనిషి చేతిని ఏ సంప్రదాయం, ఎక్కడ, ఏ నియమంతో ఆపింది? ప్రకృతికి ఒక దర్శనం ఇచ్చిన విలువ అక్కడే తేలుతుందని నా నమ్మకం.

1967లో అమెరికన్ చరిత్రకారుడు లిన్ వైట్ 'సైన్స్' పత్రికలో రాసిన వ్యాసంతో ఈ చర్చ వేడెక్కింది. సృష్టి మీద మనిషికి ఏలుబడి ఉందన్న భావనలో, పాశ్చాత్య క్రైస్తవం దాన్ని అర్థం చేసుకున్న తీరులో పర్యావరణ సంక్షోభపు వేళ్లు ఉన్నాయని ఆయన వాదించారు. మూగజీవాలను తోబుట్టువులుగా చూసిన అస్సీసీ ఫ్రాన్సిస్‌ను పర్యావరణవేత్తలు ఆరాధ్యుడిగా స్వీకరించాలని ఆ వ్యాసంలోనే సూచించారు. 1979లో పోపు రెండో జాన్ పాల్ ఫ్రాన్సిస్‌కు ఆ స్థానాన్ని అధికారికంగా ఇచ్చారు. వైట్‌కు జవాబు చెప్పినవారు బైబిలులోని మరికొన్ని పుటలు తెరిచారు. ఆదికాండం రెండో అధ్యాయంలో మనిషి తోటను సాగుచేసి కాపాడవలసినవాడు. ఆరేళ్లు విత్తిన నేలకు ఏడో ఏట విశ్రాంతి ఇవ్వాలని, ఆ ఏడు తనంతట పండినది పేదలకూ అడవి జంతువులకూ కూడా చెందుతుందని యూదుల ధర్మశాస్త్రం విధించింది. ఇస్లాంలోనూ ఇలాంటి కట్టుబాట్లున్నాయి. మక్కా యాత్రకు ఇహ్రాం అనే దీక్షావస్త్రం ధరించినవారు వేటాడకూడదు. 'హిమా'గా ప్రకటించిన భూముల్లో మేతకూ చెట్లు నరకడానికీ హద్దులున్నాయి.

ఇక మన సంగతి. వైట్ వ్యాసం చదివి మనం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం. భూమిని తల్లిగా కొలిచిన అథర్వవేద భూమిసూక్తం మనదే కదా అంటాం. నిజమే. నేలను తవ్వేటప్పుడు ఆమె మర్మస్థానానికి గాయం కాకూడదని ఆ ఋషి కోరుకున్నాడు. అయితే ఖాండవదహనమూ మనదే. అగ్ని అడవిని దహిస్తుంటే కృష్ణార్జునులు ఇరువైపులా కాపలా నిలిచి, పారిపోతున్న ప్రాణులను సైతం కూల్చారు. నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలో ఈ కథ ఉంది. ఇరావతీ కర్వే 'యుగాంత'లో ఈ సంహారాన్ని సూటిగా ప్రశ్నించారు. ఆ ప్రశ్న ఇంకా మన ముందుంది. గోదావరికి హారతి పట్టే ఊళ్లే మురుగునూ ఆ నదిలోకే వదులుతున్నాయి. మొక్కినంత మాత్రాన చేయి ఆగదని ఇంతకంటే రుజువేం కావాలి?

శ్రమణ సంప్రదాయాలైన జైన, బౌద్ధాలు ఆ చేతిని ఆపడానికే ఎక్కువ శ్రమపడ్డాయి. మట్టిలో, నీటిలో, నిప్పులో, గాలిలో, మొక్కలో ఒకే ఇంద్రియం గల జీవులున్నాయని జైనులు నమ్మారు. ఆ నమ్మకానికి తగినట్టు అడుగు వేయడం, నీళ్లు తాగడం కూడా నియమబద్ధమయ్యాయి. వానాకాలంలో తిరుగుతూ లేత గడ్డినీ చిన్న ప్రాణులనూ తొక్కుతున్నారని జనం తప్పుపట్టాక బౌద్ధ భిక్షువులకు ఆ కాలమంతా ఒకేచోట ఉండే వర్షావాసం ఏర్పడిందని వినయపిటకం చెబుతుంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. తన వంటశాలలో ఇప్పటికీ రెండు నెమళ్లనూ ఒక జింకనూ చంపుతున్నారని, ఇకపై అదీ ఉండదని ఆయన చెక్కించాడు. ఎంత ఆపానో, ఇంకా ఎంత మిగిలిందో ప్రజల ముందు లెక్క చెప్పిన పాలకుడాయన.

ఆదివాసులు ఈ నిగ్రహాన్ని గ్రంథాల్లో రాయలేదు, పండుగల్లో పెట్టుకున్నారు. మన్యంలో మామిడి కొత్త పండుగ జరిగేదాకా కొత్త కాయ ముట్టుకోని ఊళ్లున్నాయి. ఒడిశాలోని నియమగిరి శిఖరం డోంగ్రియా కోందులకు తమ దేవుడు నియమరాజు నివాసం. అక్కడి బాక్సైటు తవ్వకాల విషయంలో వారి మతపరమైన హక్కులను గ్రామసభలే పరిశీలించాలని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు చెప్పింది. సభలు జరిగిన 12 గ్రామాలూ తవ్వకాలను తిరస్కరించాయి. అంతకుముందు 1997లో మన మన్యంలోని అనంతగిరి ప్రాంతపు గనుల లీజుల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు, షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదంది.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. నిగ్రహం ఎంత గొప్పదైనా దాని బరువు ఎప్పుడూ బలహీనుల మీదే పడితే అది ధర్మం కాదు. కట్టెపుల్ల ఏరుకునే స్త్రీని అడవి చట్టం పేరుతో అడ్డగించి, కొండనంతా తవ్వేవారికి దారి ఇచ్చే వ్యవస్థ ఏ శాస్త్రాన్ని ఉదహరించినా నాకు సమ్మతం కాదు. ఎక్కువ తీసుకునేవాడే ముందుగా ఆగాలి. రాజు తన వంటశాల నుంచే మొదలుపెట్టడంలోని నీతి ఇదే.

కాబట్టి ఇక్కడ పత్రాలు చదవబోయే మిత్రులకు నా విన్నపం. మీరు ఎంచుకున్న గ్రంథం ప్రకృతిని ఎలా వర్ణించిందో చెప్పండి, అక్కడితో ఆగకండి. అది దేన్ని వద్దంది, ఎవరికి వద్దంది, ఆ మాట ఎవరు పాటించారు, ఎవరు దాటిపోయారు అన్నదీ చెప్పండి. తెలుగు శాఖలు గ్రామదేవతల వనాల కట్టుబాట్లనూ కొత్త పండుగల నియమాలనూ పాటించేవారి నోటనే విని నమోదు చేయాలి. మన పూర్వులు ఏం వదులుకున్నారో తెలిస్తేనే, మనం ఏం వదులుకోవాలో ధైర్యంగా మాట్లాడుకోగలం. ఆ చర్చ ఈ రెండు రోజుల్లో నిర్మొహమాటంగా సాగాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.