జుట్టు నాటించుకొనుటలో లాభనష్టాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘసభలో బట్టతల గురించి ప్రసంగమేమిటని కొందరు నవ్వుకోవచ్చు. కాని ఇది నవ్వి వదిలేసే విషయం కాదు. మొన్న 23 ఏళ్ళ కుర్రవాడొకడు మా దగ్గరకు వచ్చాడు. నుదుటి పైన జుట్టు పలచబడింది. "పెళ్ళిచూపులకు ముందే నాటించుకుంటాను. అమ్మీ గాజులు తాకట్టు పెడతానంది. కోత లేని పద్ధతే మంచిదంటున్నారు, నిజమేనా?" అని అడిగాడు. అతనికి చెప్పిన మాటలే మీకూ మనవి చేస్తున్నాము.

మగవారి బట్టతలలో ముందు, నడినెత్తిన జుట్టు పోయినా వెనుక భాగాన ఉన్నది సాధారణంగా నిలుస్తుంది. దానిని కుదురుతో సహా తీసి ముందు నాటినా ఆ గుణం పోదు. ఈ సంగతిని న్యూయార్కు డాక్టరు నార్మన్ ఓరెంట్రైక్ 1959లో ప్రకటించారు. మన వరినాట్ల లాగానే అనుకోండి. వెనుకతల నారుమడి, ముందుతల పొలం. అయితే ఈ మడిలో ఒకసారి పీకిన చోట మళ్ళీ నారు మొలవదు.

నారు తీయటానికి రెండు పద్ధతులు కలవు. మొదటిది ఎఫ్.యు.టి. వెనుకతల నుండి సన్నని చర్మపు పట్టీ కోసి, కుట్లు వేసి, ఆ పట్టీ నుండి కుదుళ్ళు విడదీస్తారు. ఒకే విడతలో ఎక్కువ కుదుళ్ళు దొరుకుతాయి, తల మొత్తం గొరగనక్కరలేదు. కాని గీత వంటి మచ్చ జీవితాంతం ఉంటుంది. జుట్టు పొట్టిగా కత్తిరిస్తే కనబడుతుంది. కొన్నాళ్ళు బిగువు, నొప్పి ఉంటాయి.

రెండవది ఎఫ్.యు.ఇ. సుమారు ఒక మిల్లీమీటరు వెడల్పుగల గొట్టపు పరికరంతో ఒక్కొక్క కుదురునే తీస్తారు. కుట్లు ఉండవు, త్వరగా మానుతుంది. అందుకే దీనిని కోత లేనిదంటారు. నిజానికి వందలు, వేలుగా చిన్న చిన్న కోతలే! ప్రతిదానికీ చుక్కంత మచ్చ ఉంటుంది. సాధారణంగా వెనుకతల గొరగాలి, సమయం ఎక్కువ పడుతుంది. చేయి తిరగనివారు చేస్తే కుదుళ్ళు తెగి వృథా అవుతాయి. అత్యాశతో ఎక్కువ తీస్తే వెనుకతల చిమ్మటలు కొట్టిన ఉన్నిబట్టలా తయారవుతుంది.

కాబట్టి పద్ధతి పేరు కంటే చేసే చేయి ముఖ్యం. వీడియోలు చూసి నేర్చుకున్నంత మాత్రాన శిక్షణ అయినట్లు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022లో స్పష్టం చేసింది. "ఆపరేషన్ స్వయంగా ఎవరు చేస్తారు? ఆయన చదువేమిటి? ప్రమాదమొస్తే ఏర్పాట్లేమిటి?" అని మొహమాటం లేకుండా అడగండి. మత్తుమందు మోతాదు మించితే ప్రాణానికే ముప్పు. షుగరు, బి.పి., రక్తం పలచబరిచే మందుల సంగతి దాచకండి.

మరొక మాట. అన్ని రకాల రాలుడుకూ నాట్లు మందు కావు. టైఫాయిడ్, డెంగ్యూ వంటి జ్వరాల తర్వాత రాలిన జుట్టు చాలావరకు దానంతటదే వస్తుంది. పేనుకొరుకుడుకు వైద్యం వేరు. కారణం తేల్చుకున్నాకే మిగతా మాట.

నాటిన జుట్టు కూడా కొద్ది వారాల్లో రాలుతుంది, గాబరా పడకూడదు. మూడు నాలుగు నెలలకు మొలక కనిపిస్తుంది, పూర్తి ఫలితానికి ఏడాది పడుతుంది. నెలలో పెళ్ళి పెట్టుకొని చేయించుకుంటే లాభం లేదు.

ఇక ఆ కుర్రవాడి సంగతి. 23 ఏళ్ళకు బట్టతల ఎంతవరకు పోతుందో తేలదు. ఇప్పుడే ముందు వరుస నాటిస్తే, వెనుకనున్న సొంత జుట్టు రాలిపోయి, నాటినది దీవిలా మిగలవచ్చు. అప్పటికి నారు చాలకపోవచ్చు. అందుకని చర్మవైద్యుని సలహాపై ముందు మందులు వాడమన్నాము. వాటితో చాలామందికి రాలటం తగ్గుతుంది, మానేస్తే ఆ లాభం పోతుంది. నాట్ల సంగతి కొన్నేళ్ళు పోయాక ఆలోచించుకోవచ్చు.

నాటించుకోవటం తప్పని మేము అనటం లేదు. వయస్సు కుదిరి, చేతిలో సొంత డబ్బుండి, మంచి డాక్టరు దొరికితే చేయించుకోవచ్చు. అప్పు చేసి మాత్రం వద్దు. ఆ తల్లి గాజులు ఇంకా ఆమె చేతికే ఉన్నాయి. మాకది సంతోషం.

సెలవు.