మొక్కలయందలి క్రిమిసంహారక ద్రవ్యములు
(ఘాజియాబాదు నగరమున తెలుగువారి యెదుట చేయబడిన ఉపన్యాసము)



వాము, వెల్లుల్లి, పసుపు లేని వంటయిల్లు మనవారిలో అరుదు. వీనికి సూక్ష్మక్రిములను చంపు గుణము కలదా యనియు, కలదేని దానిని ఎంతవరకు నమ్మవచ్చుననియు నేడు మీకు విన్నవించెదను.

మొక్క నిలిచిన చోటు వదలి పోజాలదు. కావున బూజునుండియు క్రిములనుండియు తన్ను కాపాడుకొనుటకై కొన్ని ద్రవ్యములను తనలోనే చేసికొనును. వాములోని థైమాల్ క్రిమియొక్క పైపొరను చెరచును. లోపలి సారము వెలికి కారి క్రిమి నశించును. వెల్లుల్లిపాయలో అల్లిసిన్ ముందుగా నుండదు. పాయను నలిపినపుడే పుట్టి, క్రిమికి ప్రాణాధారమైన ఎంజైములను పట్టి చెరచును. నలుపక యుడికించినచో అది దాదాపు పుట్టనే పుట్టదు.

దారుహరిద్ర వేరునకు పసుపు రంగు నిచ్చునది బెర్బెరిన్. కొన్ని క్రిములు దీనిని లోనికి చేరినంతనే వెలికి తోడివేయును. అయితే ఆ జాతి మొక్కలు కొన్నిటిలో, ఈ తోడుటను అడ్డగించు మరియొక ద్రవ్యము కలదని 2000 సంవత్సరమున వెల్లడియయ్యెను.

అయినను గాజుపళ్ళెమున క్రిమిని చంపినదెల్ల దేహమునందును చంపునని తలపరాదు. మనము తిన్న పసుపులోని కర్కుమిన్ రక్తమున చేరునది బహు స్వల్పము. సింకోనా బెరడునుండి క్వినైనును 1820లో పెల్తియే, కవాంతూ అను ఫ్రెంచి రసాయనజ్ఞులు వేరుచేసిన పిమ్మటనే మోతాదును సరిగా తూచి యిచ్చుట సాధ్యమయ్యెను. మోతాదు తగ్గినచో మలేరియా తిరుగబెట్టును. మించినచో చెవులలో హోరు పుట్టును, గుండెకు అపాయము కలుగును. 1972లో చీనాదేశమున ఒక మొక్కనుండి తీసిన ఆర్టెమిసినినును నేడు వేరొక మందుతో కలిపియే యిత్తురు; ఒంటరిగా నిచ్చినచో రోగకారకము దానికి లొంగకుండ పోవు భయము కలదు.

మరియు మందు పేరొకటి, మొక్క యొకటి కావచ్చును. దక్షిణదేశమున మానుపసుపును దారుహరిద్ర పేరనే అమ్ముట కలదు. రెంటను బెర్బెరిన్ ఉన్నను అవి వేర్వేరు మొక్కలు. ఇట్టి సందేహములు తీర్చుటకే 1970లో భారత ప్రభుత్వమువారు ఈ ఘాజియాబాదునందు భారతీయ వైద్య ఔషధముల ప్రయోగశాలను నెలకొల్పిరి. 2020లో అది భారతీయ వైద్య, హోమియోపతి ఔషధ ప్రమాణ సంఘమున విలీనమయ్యెను. అచటి పని, వేరును సూక్ష్మదర్శినితో చూచుట, కాల్చి బూడిదను తూచుట, సారమును పరీక్షించి మొక్కను గుర్తించుట మొదలగునవి. మంచి మందునకు ఇవియే మొదటి మెట్లు.

కావున మహాజనులు గమనింపవలసినవి:

1. జ్వరము వచ్చినచో కషాయముతో కాలము గడపక రక్తపరీక్ష చేయింపవలెను.

2. బిడ్డకు నీళ్ళవిరేచనములైనచో వామునీటిని నమ్ముకొని యుండక, ఓఆర్ఎస్ ద్రావణమును వెంటనే త్రాగింపవలెను. బిడ్డ సోలిపోయినను, త్రాగలేకున్నను ఆలస్యము లేక ఆసుపత్రికి కొనిపోవలెను.

3. పేరు, మోతాదు, తయారీదారుని గుర్తు లేని పొడులను మందుగా కొనరాదు.

4. వాడుచున్న మూలికలను వైద్యునికి దాచక చెప్పవలెను.

మొక్కలయందు మందు కలదనుట నిజము. అయితే తగిన మొక్క, తగిన భాగము, తగిన మోతాదు, తగిన వేళ కుదిరినపుడే అది ప్రాణమును కాపాడును.