ప్రూఫులు దిద్దుచు



మన పత్రికకు ప్రూఫులు దిద్దు పని కొన్నేండ్లుగా మా మీద ఉన్నది. 1631లో లండనులో అచ్చయిన ఒక బైబిలులో ఏడవ ఆజ్ఞలోని ‘నాట్’ అను చిన్న మాట జారిపోయి ఆజ్ఞయే తలక్రిందులైనది. ముద్రాపకులకు 300 పౌనుల జరిమానా పడినది. మన తెలుగులోనైతే మాట కూడ అక్కరలేదు, క్రియ చివర ఒకటి రెండక్షరములు చాలును!

అయితే మేము చేసినది అచ్చుతప్పు కాదు. ఒక పెద్దమ్మ “నా కొడుకు చచ్చిపోయినాడు” అని వ్రాయించి పంపిన వార్తను మేము దిద్ది, “ప్రభువునందు నిద్రించెను” అని వేసితిమి. ఆరాధన తరువాత ఎవరో చదివి వినిపించగా ఆమె మా యొద్దకు వచ్చి, “అయ్యగారూ, నిద్రపోయుంటే నేనే లేపుకునేదాన్ని గదండీ” అన్నది.

వేదాంత కళాశాలలో నేర్చిన జవాబు మాకు లేకపోలేదు. ‘సెమెటరీ’ అను మాటకు గ్రీకు మూలములో నిద్రించు చోటనియే అర్థము. నోట రాలేదు.

ఇంటికి వచ్చి యోహాను సువార్త 11వ అధ్యాయము తెరచితిమి. లాజరు నిద్రించుచున్నాడని ప్రభువు ముందు చెప్పినాడు. శిష్యులకు బోధపడకపోగా, చనిపోయెనని విప్పి చెప్పినాడు. ఆ అధ్యాయము మీద ఎన్నిమార్లు ప్రసంగించితిమో!

మరుసటి సంచికకు సవరణ వ్రాసితిమి, ఆమె మాట ఆమె చెప్పినట్లే. ప్రెస్సు కుర్రవాడు ‘చచ్చిపోయినాడు’ క్రింద ఎర్రగీత గీసి ప్రూఫు తిరిగి పంపినాడు. అట్లే ఉండనిమ్మంటిమి.