ముందు అసలు పత్రం, తర్వాతే పెట్టుబడి

షేరు కొనే ముందు కంపెనీ పాత లెక్కలు ఎక్కడ చూడాలి? ఎవరో పంపిన పట్టికలో కాదు, అసలు పత్రంలో చూడాలి. స్టాక్ ఎక్స్ఛేంజీలైన బీఎస్ఈ, ఎన్ఎస్ఈ వెబ్‌సైట్లలో కంపెనీ పేరు వెతికితే పాత ధరలు, మూడు నెలల ఫలితాలు, వార్షిక నివేదికలు ఉచితంగా దొరుకుతాయి. ధరల విషయంలో ఒక జాగ్రత్త. 10 రూపాయల ముఖవిలువ షేరును ఐదుగా విడగొడితే, 1000 రూపాయల ధర ఒక్కరోజులో 200 దగ్గరకు వస్తుంది. అది నష్టం కాదు, విభజన. అందుకే బోనస్ షేర్లు, విభజన వివరాలు చూసుకునే పాత ధరలు చదవాలి.

మరి అసలు పత్రమే అబద్ధమైతే? న్యాయమైన ప్రశ్నే. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్స్ లెక్కల్లో లేని నగదును ఉన్నట్టు చూపారని 2009 జనవరిలో బయటపడింది. అందుకే ఒక్క ఏడాది లాభం చూసి ఆగకూడదు. ఐదేళ్ల నివేదికలు పక్కపక్కన పెట్టండి. లాభం పెరుగుతున్నా వ్యాపారం నుంచి వచ్చే నగదు పెరగకపోతే, కారణం వెతకండి. ఆడిటర్ అభ్యంతరాలు చదవండి. ఇలా చూసినా ప్రతి మోసమూ దొరకదు. కానీ గుడ్డి నమ్మకంతో వచ్చే నష్టాలు చాలావరకు తప్పుతాయి. గుర్తుంచుకోండి: ముందు అసలు పత్రం, తర్వాతే పెట్టుబడి.