అమ్మకమునకు ఒక పాత పుట్టి

మన వాడుకలో ఒక జాతీయము కలదు. చిన్న విషయమునకే గాభరాపడు వానిని చూచి "ఇప్పుడేం పుట్టి మునిగింది?" అని అడుగుచుందుము. ఇరువది తూముల ధాన్యపు కొలతకును పుట్టి యనియే పేరు. కాని పాలమూరు, నల్లగొండ సీమలలో కృష్ణ ఒడ్డున నివసించువారికి మునిగెడు పుట్టి యేదియో వేరుగ చెప్పనక్కరలేదు. వెదురుబద్దలతో గంపవలె అల్లి, అడుగున నీరు చొరకుండ కప్పువేసిన గుండ్రని నావయే అది. దానిని గూర్చియే నేడు శ్రోతలతో నాలుగు మాటలు ముచ్చటింప దలచితిమి.

సముద్రతీర నగరములలో తెరచాప పడవను కొన్నియేండ్లు వాడి అమ్మదలచినవారు దాని గుణములన్నియు ప్రకటించుట ఆచారము. పడవ పొడవెంత, వెడల్పెంత, నీటిలో ఎంతలోతు దిగును, తెరచాపలెన్ని, యంత్రమెట్టిది, లోపల ఎందరు పరుండుటకు చోటున్నది, ఇవన్నియు అందుండును. అట్టి ప్రకటన ఒకటి చదివినపుడు మాకొక సందేహము కలిగెను. సముద్రమెరుగని మన మిట్టసీమలో వాడిన నావను అమ్ముట కలదా? కలదేని, దాని గుణదోషములను ఎవరు, ఏరీతిని చెప్పుదురు? ఈ సందేహముతోనే ఒక వేసవి ఉదయమున మేము మక్తల్ వైపున కృష్ణ రేవునకు పోయితిమి.

తంగడి యొద్ద భీమానదిని కలుపుకొని కృష్ణ తెలంగాణమున ప్రవేశించుచున్నది. ఇచట నది పరుపుబండలమీదుగ పారును. వేసవిలో బండల నడుమ సన్నని పాయలు మాత్రమే మిగులును. శ్రావణ భాద్రపదములలో అదే నది ఒడ్డులు ఒరసికొని పొంగును. సముద్రపు తెరచాప పడవకు అడుగున వెన్నువలె బరువైన పలక దిగియుండును. గాలి ప్రక్కకు నెట్టినను ఆ పలక నీటిని అదిమిపట్టుటచేతనే పడవ గాలికి ఏటవాలుగ ముందునకు సాగగలదు. అట్టి పడవను ఈ బండలలోనికి తెచ్చినచో మొదటి బారలోనే ఆ పలక రాతికి తగులును. పుట్టికి అట్టి వెన్ను లేదు. జానెడు నీరున్నను తేలును. బండ తగిలినచో పగులక గిరగిర తిరిగి ప్రక్కకు తొలగును. ఒడ్డు చేరినపిమ్మట దానిని బోర్లించి వీపున వేసికొని ఇంటికి కొనిపోవచ్చును. మన నదికి తగిన నావను మన పూర్వులే కనిపెట్టుకొనిరన్నమాట.

సుమారు 1520 ప్రాంతమున విజయనగరమును దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్, తోలు కప్పిన గుండ్రని బుట్టలలో జనులు నది దాటుటను చూచి, అవి తిన్నగ పోజాలక తిరుగుచునే పోవునని వ్రాసినాడు. పదునేడవ శతాబ్దిలో వజ్రవ్యాపారమునకై గోలకొండ రాజ్యమున సంచరించిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడ ఎద్దుతోళ్లు కప్పిన ఇట్టి పెద్ద బుట్టలనే వర్ణించినాడు. తోలు స్థానమున తరువాత గోనెపట్టయు తారును, పిమ్మట ప్లాస్టిక్ పట్టాయు వచ్చినవి. ఇటీవల ఫైబరుతో పోతపోసిన పుట్టులును వచ్చినవి. ఆకారము మాత్రము మారలేదు.

ఇక మేము చూచిన అమ్మకము మాట. రేవులో ఒక వృద్ధ మత్స్యకారుడు తన వెదురుపుట్టిని అమ్మకమునకు పెట్టియుండెను. కొనవచ్చినవాడు పొరుగూరి యువకుడు. మొదట అతడు పుట్టిని బోర్లింపజేసి దానిక్రింద దూరెను. లోపలినుండి ఎండవైపు చూచినచో సూదిబెజ్జమంత రంధ్రమున్నను వెలుగు కనబడును. పిమ్మట బొటనవ్రేలితో బద్దలను ఒక్కొక్కటిగ నొక్కి పురుగు తొలిచినదేమో పరీక్షించెను. అంచుచుట్టును కట్టిన కట్టును పట్టి లాగిచూచెను. చుట్టుకట్టు సడలినచో అల్లిక విచ్చుకొనును గదా! తుదకు ఖాళీపుట్టిని నీటిపై వదలి, మేము మాటలాడుకొనుచున్నంతసేపు అట్లే ఉంచి, అడుగున చెమ్మ ఊరినదేమో తడవి చూచెను.

అప్పుడు వృద్ధుడు తానై చెప్పిన మాటలను ఉన్నవున్నట్లు వినిపించుచున్నాము. "చూడు బిడ్డా, దీనికి రెండుతావుల కట్టు మార్చిన. ఈ పక్క అడుగున అతుకు నేనే వేసిన. వలతోని పోతె ఇద్దరు, వల లేకుంటె ఐదుగురు. గంతకుమించి ఎక్కియ్యకు." యువకుడు నవ్వి, "ఇన్ని వంకలు నువ్వే చెప్తివి, మరి ధర తగ్గియ్యవా పెద్దయ్యా?" అని అడిగెను. "ధర అడుగు, తగ్గిస్త. మంది లెక్క మాత్రం పెంచ" అని వృద్ధుడు బదులు చెప్పెను. మేము ఇంతదూరము వచ్చి తెలిసికొనగోరినది ఆ ఒక్కమాటలో దొరకినది.

ఆ మంది లెక్క ఊరక చెప్పినది కాదు. అడుగు వెడల్పు రెండు మీటర్లున్న పుట్టిని తీసికొందము. దాని అడుగు వైశాల్యము రమారమి మూడు చదరపు మీటర్లు. అది పది సెంటీమీటర్లు దిగినచో త్రోసివేయు నీరు మూడువందల కిలోలకు కొంచెము పైగా ఉండును. అనగా అరువదియైదు కిలోల మనిషి ఒక్కడు ఎక్కినచో పుట్టి ఇంచుమించు రెండు సెంటీమీటర్లు దిగును. పదిమంది ఎక్కినచో జానెడు దిగును. నిలుకడ నీటిలో అంచు ఇంకను పైకే కనబడుచుండును. ఎక్కినవారికి భయము తోపదు. కాని ప్రవాహము నడుమ ఒకరు బెదరి లేచినచో అందరి బరువును ఒకవైపునకు ఒరగును, ఆవైపు అంచు నీటిని తాకును. ఒకసారి నీరు లోనికి వచ్చినపిమ్మట గుండ్రని నావను నిలబెట్టుట ఎంతటి నేర్పరికిని కష్టమే.

ఇది ఊహించి చెప్పుట కాదు. 2020 ఆగస్టులో వరద పొంగియుండగా మక్తల్ ప్రాంతముననే కృష్ణలో పుట్టి బోల్తాపడి ప్రాణములు పోయినవి. ఆ వార్త విన్నవారెవ్వరును "ఏం పుట్టి మునిగింది" అన్నమాటను తేలికగా అనజాలరు.

కాలము మారినకొలది నీటి స్వభావమును మారినది. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము నల్లగొండ వైపున, శ్రీశైలము జలాశయము కొల్లాపురము, సోమశిల వైపున నదిని సరస్సులుగ మార్చినవి. చేపలవేటకు చోటు పెరిగినది. కాని పాయలు దాటుటకు పుట్టిన పుట్టి ఇప్పుడు గాలికి అలలు లేచు విశాలజలములలో తిరుగవలసి వచ్చినది. ఒడ్డు దూరమైనపుడు తెడ్డు బలము చాలదు. అందుచేత నేడు పుట్టిని కొనువారు ఒక ప్రశ్న అదనముగ అడుగవలెను: "దీనిని ఏ నీటిలో వాడితిరి?" ఫైబరుపుట్టి కొనువారు రంగును చూచి మోసపోరాదు. వెదురు చివికినచో వ్రేలికి తెలియును. ఫైబరులోని బీట కొత్తరంగు క్రింద దాగియుండును. ఎందరెక్కుదురో అన్ని ప్రాణరక్షక కవచములను పుట్టితోపాటే కొనవలెను. వరదనాడు రేవు మూయుమని అధికారులు చెప్పినచో పుట్టిని బోర్లించి ఇంట నుంచవలెను.

సముద్రపు పడవ ప్రకటనలో ఎన్నెన్నియో అంకెలుండును. మన వృద్ధుని ప్రకటనలో ఉన్నది ఒకటే అంకె: ఐదుగురు. పాత బండి చెడిపోయినచో దారిలో నిలిచిపోవుదుము. పాత మంచము విరిగినచో నేలపై పరుందుము. పాత నావ దోషము నడినీట బయటపడును. అచట అమ్మినవాడు ఉండడు, కొన్నవాని బిడ్డలుందురు. కావున నావను అమ్మువాడు దాని గుణమును చెప్పకున్నను చెల్లును, దోషమును దాచుట చెల్లదు.

ఆనాడు బేరము కుదిరినది. యువకుడు పుట్టిని వీపునకెత్తుకొని నడువసాగెను. దూరమునుండి చూడ, పెద్ద తాబేలొకటి నిలువుగ నడచిపోవుచున్నట్లుండెను. వృద్ధుడు వెనుకనుండి కేకవేసి మరల ఒకసారి జ్ఞాపకము చేసెను: "ఐదుగురే, బిడ్డా!"