పలు కొండలు, ఒక పగలు

తార్నాక వాసులకు రాళ్ళును, గుట్టలును క్రొత్త గావు. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఏ బాట పట్టి పోయినను, సుమారు 250 కోట్ల సంవత్సరముల ప్రాయము గల గ్రానైటు గుండ్లు కనబడును. వేకువనే వాని నడుమ నడచుట మాకు నిత్యకృత్యము. అయినను, అహోబిలము వంటి చోట ప్రొద్దు పొడిచినది మొదలు గ్రుంకులోపల కొండ వెనుక కొండ యెక్కి దిగుటకు ఈ నడక చాలదు. నల్లమలలో గరుడాద్రి, వేదాద్రుల నడుమ భవనాశిని ప్రవహించును. ఎగువ అహోబిలము నుండి జ్వాలా నరసింహుని గుడికి, అటనుండి ఉగ్రస్తంభమునకు పోవువారు ఎక్కుటయు దిగుటయు, మరల ఎక్కుటయు తప్పదు.

మూట కట్టుటకు ముందు లెక్క కట్టవలె. 1892లో విలియం నెయిస్మిత్ అను స్కాట్లండు పర్వతారోహకుడు ఒక సులభమైన లెక్క చెప్పెను. మన కొలతలలో అది రమారమి యిట్లుండును: 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడునకు మరియొక గంట. దూరము 20 కిలోమీటర్లు, ఎక్కుడులన్నియు కలిసి 900 మీటర్లు అనుకొందము, ఐదున్నర గంటలగును. అది పడుచువారి నడక. మా జట్టులో అరువది దాటినవారు గలరు, త్రోవయా, రాతిత్రోవ. సగము చేర్చినచో 8 గంటల పైచిలుకు. దర్శనములకు, భోజనమునకు మరి 2 గంటలు. మార్గశిర మాసపు పగలు 11 గంటలు మాత్రమే. మిగులునది ముప్పావుగంట! ఒకరి కాలు బెణికిన చాలు, అదియు హరించును. ఆపై చీకటి, అడవి.

పెద్దలను ఇంట విడిచిపోవుదమని మా జట్టులో పడుచువారు సూచించిరి. మేము ఒక కొండను విడిచిపోవుటకే నిశ్చయించితిమి. ఏ కొండను విడువవలెనను వాదము తార్నాకలోనే, చాయ త్రాగుచు తేల్చుకొనుట మేలు. కొండమీద ఆయాసపడుచు వాదించువారికి వివేకము కొరవడును.

ఎక్కుటకు అందరును సాధన చేయుదురు గాని, మోసగించునది దిగుడు. ఎక్కునప్పుడు ఆయాసము హెచ్చరించును. దిగునప్పుడు ఊపిరి సుఖముగనే యాడును. తొడకండరములు మాత్రము దేహభారమును ఆపుచునే సాగవలసి వచ్చును. అలవాటు లేనిచో వానియందు సూక్ష్మమైన గాయములగును. నొప్పి మరునాడో, మూడవనాడో తెలియును. ఒకటి రెండు మారులు మితముగా దిగి చూచినచో, కండరములు కొన్ని వారముల వరకు ఆ పాఠమును మరువవు.

1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల మెట్లు ఎంత గంభీరమైనవైనను, ఈ సాధనకు చాలవు. అందుచే లాలాపేట మీదుగా మౌలాలి గుట్టకు పోవుదుము. పైని దర్గాకు 400కు పైబడిన మెట్లు గలవు. ఆరు మారులు ఎక్కినచో, శ్రీవారి మెట్టు దారిన తిరుమల చేర్చు 2,388 మెట్ల లెక్కను దాటుదుము. మొదటి వారము రెండు మారులు చాలును; నాలుగవ వారమునకు ఆరు. ప్రయాణమునకు ముందటి వారము విశ్రాంతి. అది ప్రార్థనాస్థలము గనుక, మ్రొక్కులకు వచ్చువారికి త్రోవ విడిచి నడువవలెను; ఉర్సు దినములలో అటు పోరాదు. ఉర్దూ కవయిత్రి మహలఖా బాయి చందా (1768–1824) సమాధి ఆ గుట్టపాదముననే యున్నది. దానిని చూడక తిరిగివచ్చుట మాకు సమ్మతము కాదు.

ఇక ఆహారము. పోషకాహార పరిశోధనశాల 1958లో కూనూరు నుండి మా పేటకే తరలివచ్చినది. నేటి జాతీయ పోషకాహార సంస్థ అదియే. కావున తిండి విషయమున మేము తెలియనివారమనుటకు వీలులేదు! ఎండలో కొండ యెక్కువారికి గంటకు ఒక లీటరు చెమట పోవుట అరుదు కాదు. చెమటతో ఉప్పును పోవును. వట్టి నీరే అదేపనిగా త్రాగుట మంచిది కాదు. మనిషికి 3 లీటర్ల నీరు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ వలయును. మజ్జిగను ప్రొద్దెక్కక ముందే ముగింపవలె. పులిహోర మధ్యాహ్నము దాక చెడదు. నడుమ నడుమ కొరుకుటకు, రొట్టెను బెల్లముతో నలిపి చేసిన మలీదముద్దకు సాటి యగునది మాకింకను కనబడలేదు.

క్రొత్త బూట్లను పండుగబట్టలవలె ఆనాడే తొడుగరాదు. నెల దినములు ముందుగా తొడిగి నడువవలె. కాలిగోళ్ళు కత్తిరించుకొనవలె, లేనిచో దిగుడులో వ్రేళ్ళు బూటు కొసకు తగిలి బాధించును.

అడవి త్రోవలకు అటవీశాఖవారి అనుమతి ముందుగనే అడుగవలెను. మెల్లగా నడచువారు జట్టునకు ముందుండవలెను. మధ్యాహ్నము 12 గంటలకు, శిఖరము ఎంత చేరువలో నున్నను, వెనుదిరుగవలెను. లోయలలో సెల్‌ఫోను పలుకుట నమ్మరానిది. కావున ఏ త్రోవను పోవుచున్నదియు, ఏ వేళకు దిగివత్తుమనునదియు ఒక కాగితమున వ్రాసి ఇంటిలో ఇచ్చిపోవలెను. దానిని దేవుని పటము వెనుక దాచి మరచువారికి గాక, చీకటి పడినంతనే తీసి చదువువారికి ఈయవలెను.